నిండిన గడి

పదకొండు గంటలకల్లా పిలుస్తామన్నారు, పదకొండూ పది అయింది, కమిటీ గది తలుపు తెరుచుకోలేదు. లోపలినుంచి ఒకాయన గొంతు వినిపిస్తోంది. ఆస్పత్రుల్లో చేతులు కడుక్కోవడం మీద పరిశోధన చేస్తున్నాడట, స్లైడు మారినప్పుడల్లా తర్వాత అంటున్నాడు, తర్వాత, తర్వాత, ఎంత ధైర్యంగా అంటున్నాడో. చేతులు కడుక్కోవడం మీద ఈపాటికి కొన్ని వందలమంది రాసి ఉంటారు, అయినా ఆయనకి ఇంతవరకూ ఎవరూ కడగని వేలొకటి దొరికినట్టుంది. ఆమె వరండాలో బల్లమీద కూర్చుని కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఇంకొకరి మణికట్టు మీద ఆనించిన వేళ్ళు. గోడగడియారం చూస్తూ లెక్కపెడితే నిమిషానికి నూట పన్నెండు వచ్చింది. ఇదే ఎవరైనా పేషెంటైతే, ఏం లేదమ్మా, కాస్త కంగారు పడ్డారంతే, మంచినీళ్ళు తాగి వెల్లకిలా పడుకోండి అని దుప్పటి సర్దేది. తనకు తాను అదే చెప్పుకుని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంది. నేల అప్పుడే తుడిచినట్టున్నారు, ఫినాయిలు వాసన వస్తోంది, ఆ వాసన వస్తే చాలు ఎక్కడున్నా వార్డులో ఉన్నట్టే అనిపిస్తుంది, మంచాల నంబర్లు వాటంతటవే కళ్ళముందు వరసకట్టుకుంటాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగి ఆమె కళ్ళు నోటీసు బోర్డు వైపు తిప్పుకుంది. తుప్పుపట్టిన గుండుసూదులు తప్ప బోర్డు మీద ఏమీ లేదు.

ఒళ్ళో ఫైలుంది. ఫైల్లో పరిశోధన దేనిమీదో చెప్పే సినాప్సిస్ నాలుగు కాపీలు, పద్నాలుగు పేజీలు, మూడో పేజీలో రెండో పేరా, అందులో ఆఖరి వాక్యం. ఆ వాక్యం ఆమెకి ఎంత కంఠతా వచ్చేసిందంటే పొద్దున్న ప్రార్థన చేసుకుంటుంటే దేవుడి మాటల మధ్యలోంచి అదే వినిపించింది. 'ఈ పద్ధతి నర్సుల్లో వాడుకలో ఉన్నట్టు వినికిడి.' వినికిడి. ఎవరి దగ్గర విన్నావమ్మా అని ఒక్కరు అడిగితే చాలు. అడక్కుండా ఉంటారా? అడగడానికేగా కూర్చున్నారు. ఇది మూడో టాపిక్. ఇదీ కాదంటే నెలాఖరుకి రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది, ఇంక పొడిగించరు, నాలుగేళ్ళ పీహెచ్‌డీ చదువు ఒక్క సంతకంతో పోతుంది. ఔనంటే ఏమవుతుందన్నది ఇంకా పెద్ద భయం.

మొదటి టాపిక్ నర్సుల నడుంనొప్పి. ఎంతో మురిసిపోతూ తెచ్చింది, తన నడుమే సాక్ష్యం కదా అని. కమిటీలో ఒకాయన సెల్‌ఫోను తీసి అక్కడికక్కడే వెతికి, దీనిమీద మన పక్క కాలేజీలోనే పదకొండు థీసిస్‌లున్నాయి, మీ నడుములో కొత్తదనం ఏమిటి అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. రెండోది, పేషెంటుతో ఉండే బంధువుల నిద్రలేమి. అది ఎనిమిది నెలలు చదివాక ఎక్కడో ఎవరో నిరుడే అచ్చేశారని తెలిసింది, ప్రశ్నలు కూడా దాదాపు అవే. అప్పుడు గైడు సారు కుర్చీలో వెనక్కి వాలి, చూడమ్మా, జనం చేసినదంతా చదువుతున్నావు, బాగానే ఉంది, కానీ వాళ్ళు ఎక్కడ ఆగారో అక్కడ నిలబడి చూడాలి, రీసెర్చ్ గ్యాప్ అంటే అది అన్నాడు. ఇంటికొచ్చి అదే మాట చెబితే అత్తగారికి బొత్తిగా నచ్చలేదు. "ఎవరూ చెయ్యని పని వెతుక్కోవడమెందుకే తల్లీ, అందరూ చేసేది చెయ్యొచ్చుగా? ఎవరూ చెయ్యలేదంటే ఏదో కారణం ఉండే ఉంటుంది" అంది ఆవిడ. ఆ రోజు ఆ మాటకి నవ్వుకుంది. ఇవాళ నవ్వు రావడం లేదు. ఇక ఇంట్లో ఆయనైతే, బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించే మనిషి, రోజూ కంచం ముందు కూర్చోగానే, "దొరికిందా?" అనేవాడు. లేదండీ అంటే, "మంచం కింద చూశావా? నా పదిహేనో నంబరు పానా మొన్న అక్కడే దొరికింది" అనేవాడు. ఇంట్లో అందరికీ అదొక ఆట అయిపోయింది, గ్యాపు దొరికిందా, గ్యాపు దొరికిందా అని. దొరికిన రోజు మాత్రం ఆమె ఇంట్లో చెప్పలేదు. ఆయన అడిగితే కూడా, ఇంకా లేదండీ అంది. దొరికిన వస్తువుని దాచుకున్నది ఆ ఇంట్లో తనొక్కతే.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఫైలు పట్టుకుని లేవబోయింది. కాదు, ఇంకా ఆయనే, తర్వాత, తర్వాత. దేవుడా, ఆయన స్లైడులు అయిపోకుండా చూడు. ఇలాంటి వాటికి కూడా నిన్ను అడగొచ్చా?

దొరికింది లైబ్రరీలో, మధ్యాహ్నం పూట, కిటికీ పక్క బల్ల దగ్గర. అప్పటికి మందుల చార్టుల మీద అరవై రెండు పేపర్లు చదివింది. అన్నింటిదీ ఒకే లెక్క. పేషెంటు కేసు షీటులో మందు పేర్లు నిలువునా ఉంటాయి, వేళలు అడ్డంగా ఉంటాయి, మందు ఇచ్చాక నర్సు ఆ గడిలో సంతకం పెట్టాలి. సంతకం లేని గడులు ఎన్ని, ఏ వార్డులో ఎక్కువ, ఏ డ్యూటీలో ఎక్కువ, ఎందుకని ఎక్కువ, ఇదే లెక్క. వాళ్ళు ఎన్ని దేశాల వాళ్ళైనా, ఎన్నివేల షీట్లు చూసినా, ఖాళీగా ఉన్న గడినే తప్పు కింద లెక్కవేశారు. నిండిన గడి కనిపిస్తే మంచిదని తల ఊపి ముందుకు పోయారు. అరవై రెండో పేపరు ముగిసేసరికి ఆమె పెన్సిలు తీసి అంచున చిన్నగా రాసుకుంది, నిండిన గడిని ఎవరూ అనుమానించలేదు అని. రాసిన తర్వాత చూసుకుంటే అది తన దస్తూరిలా లేదు. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది, లైబ్రేరియను పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాడు. రబ్బరుతో ఆ వాక్యం చెరిపేసింది. చెరిపితే కాగితం కొంచెం చిరిగింది. ఆ పేపరు ఇప్పటికీ ఫైల్లోనే ఉంది.

గడి వదలడం ఏమిటో ఆ పేపర్లు రాసినవాళ్ళకి తెలీదు. నర్సులకి తెలుసు. మందు ఇచ్చి సంతకం మరిచిపోయి ఒకమ్మాయి ఇంటికి వెళ్ళిపోతుంది. డ్యూటీ దిగేటప్పుడు ఛార్జి సిస్టరు షీట్లన్నీ చూసి, ఖాళీ గడి కనపడితే దాని చుట్టూ సున్నా చుట్టి పక్కన కారణం రాయాలి, అది రూలు. సున్నా చుడితే ఆ పిల్లకి మెమో వస్తుంది. అందుకని సున్నా చుట్టకుండా గడిని అలాగే వదిలేస్తారు, మర్నాడు వచ్చి పెట్టుకుంటుందిలే అని. వచ్చాక పెట్టుకుంటుంది కూడా. షీటు కళకళలాడుతూ ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఇది మోసమని ఎవరూ అనుకోరు, ఒకరి మీద ఒకరికి ఉండే జాలి అనుకుంటారు. ఈమె చేరిన కొత్తలో ఈమె కోసం ఎన్ని గడులు వదిలారో. ఈమె ఛార్జి సిస్టరయ్యాక ఎన్ని వదిలిందో. జాలి తప్పవుతుందా, దేవుడా? నువ్వు నేర్పిందే కదా అది. మరి ఎక్కడ దారి తప్పింది?

ఆరు. మంచం నంబరు ఆరు. అనుకోకూడదనుకుంటూనే అనుకుంది. ఆరో నంబరులో దర్జీ ఉండేవాడు, కాల్లో రక్తం గడ్డకట్టి వచ్చాడు, అరవై దాటినవాడు. చూపుతోనే కొలత తీస్తాడు, టేపు అక్కర్లేదు. ఈమెను మొదటిరోజు చూసి, "సిస్టరుగారూ, మీ యూనిఫాం ఎడమ భుజం అరంగుళం దిగింది, ఎవడు కుట్టాడో వాణ్ణి నా దగ్గరికి పంపండి" అన్నాడు. తర్వాత అద్దంలో చూసుకుంటే నిజంగానే అరంగుళం. రక్తం గడ్డకట్టకుండా ఆయనకి రోజుకి మూడు పూటలా ఇంజక్షన్, మధ్యాహ్నం ఒంటిగంటది పిచ్చుక ఇచ్చింది. పిచ్చుక అంటే తనకంటే నాలుగేళ్ళు చిన్న, తను ఛార్జిగా ఉన్న వార్డులోనే నర్సు, పొట్టిగా గబగబా తిరుగుతూ ఉంటుంది కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. ఇచ్చిన రెండు నిమిషాలకి స్కూలునుంచి ఫోను, బాబు మెట్ల మీద పడి గడ్డం చీలింది, రక్తం ఆగడం లేదని. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. పావుగంట తర్వాత దారిలోంచి ఫోను చేసింది. "అక్కా, ఆరోది ఇచ్చేశాను, సంతకం పెట్టలేదు. గడి వదులక్కా, సాయంత్రం వచ్చి పెడతా." వెనక పిల్లాడి ఏడుపు. "సరేలే, ముందు వాడి సంగతి చూడు" అంది తను. ఎంత మామూలుగా అంది. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది, తన గొంతే, ఏ భయమూ లేని గొంతు. మళ్ళీ అలాంటి గొంతుతో మాట్లాడలేదు తను.

రెండింటికి డ్యూటీ మారేటప్పుడు మంచం మంచం దగ్గరా నిలబడి, కొత్త డ్యూటీకి వచ్చిన నర్సుకి పేషెంట్లని అప్పగించాలి. ఆ రోజు వచ్చింది కొత్తమ్మాయి, చేరి మూడు వారాలైంది, చిన్న పుస్తకంలో అన్నీ రాసుకునేది. ఆరో నంబరు దగ్గరికి వచ్చేసరికి పెద్ద మేడం రౌండుకి వచ్చి వెనకాలే నిలబడింది. అప్పట్లో ఆవిడ అసిస్టెంటు సూపరింటెండెంటు. ఆవిడ ఎదురుగా, మందు పడింది, సంతకం లేదు, గడి వదిలాను అని ఎలా చెప్పడం? తర్వాత పక్కకి పిలిచి చెవిలో చెబుదామనుకుంది. ఆరో నంబరు బాగున్నారు అని మాత్రం చెప్పి ఏడో నంబరుకి జరిగింది. అంతా అయ్యాక కిటికీలోంచి చూస్తే ఆకాశం నల్లగా దిగింది. ఇంటి దగ్గర డాబా మీద బట్టలున్నాయి. అంతే. అంతకన్నా ఏమీ లేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు, రెండు దుప్పట్లు, పిల్లల యూనిఫాములు తడిసిపోతాయని సంచి తీసుకుని గబగబా మెట్లు దిగిపోయింది. బస్సులో కూర్చున్నాక కూడా గుర్తురాలేదు. బట్టలు తడవలేదు. ఒక్క చుక్క పడకముందే అన్నీ తెచ్చేసింది, మడతలు కూడా పెట్టింది. 

కొత్తమ్మాయి షీటు చూసింది. ఒంటిగంట గడి ఖాళీ. సున్నా లేదు, కారణం లేదు. పాత సిస్టర్లు మరిచిపోయారనుకుని, భయపడి, రెండూ నలభైకి ఇంకో ఇంజక్షన్ ఇచ్చి, ఆ గడిలో నీటుగా సంతకం పెట్టి, పక్కన టైము కూడా వేసింది. గడి నిండింది. సాయంత్రం పిచ్చుక వచ్చి చూస్తే తను పెట్టాల్సిన చోట ఇంకొకరి సంతకం ఉంది. అప్పుడు అర్థమైంది దానికి. ఎవరికి చెప్పాలో తెలీక, ఫోను చేసి, "అక్కా, ఏం కాదులే కదా" అంది. ఏం కాదులే అంది తను. ఇద్దరూ ఆ రాత్రి ఏం కాకూడదని వేరువేరు ఇళ్ళల్లో ప్రార్థించారు. తెల్లారి దర్జీకి మెదడులో రక్తం కారింది. బతికాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. డిశ్చార్జి రోజున కూతురు తోస్తున్న చక్రాల కుర్చీలో వెళుతూ ఈమె భుజం వంక చూశాడు. ఏదో అనబోయాడు. రాలేదు. ఆ రెండో మందు వల్లేనా అంటే, డాక్టర్లు, ఒక్కటి ఇచ్చినా ఇలా జరగొచ్చు, చెప్పలేం అన్నారు. ఆ చెప్పలేం అన్నదాన్ని తొమ్మిదేళ్ళుగా పట్టుకుని వేలాడుతోంది.

ఎంక్వైరీ చేసింది పెద్ద మేడమే. షీట్లో ఒకే సంతకం, ఒకే డోసు. కానీ బీరువాలో సీసాలు లెక్కపెడితే ఒకటి తక్కువొచ్చింది. ఇంకేముంది, ఒంటిగంటది పాత డ్యూటీవాళ్ళు మరిచిపోయారు, కొత్తపిల్ల దాన్ని ఆలస్యంగా ఇచ్చింది, తొందరలో ఒకటికి రెండు సీసాలు ఎక్కించింది అని తేల్చారు. ఆ పిల్ల ఒకటే మాట. "ఒకటే ఇచ్చాను మేడం. ఒకటే ఇచ్చాను." ఏడవలేదు కూడా. చిన్న పుస్తకం తెరిచి చూపించింది, అందులో రాసుకుంది, ఒకటే అని. రాసుకుంటే సరిపోతుందా అన్నారెవరో. ఈమెనీ పిలిచారు, నువ్వు అప్పగించేటప్పుడు ఏమైనా గమనించావా అని అడిగారు. నాకేం తెలీదు మేడం అంది. నేల మీద టైల్సు చూస్తూ అంది, ఒక టైలు మూల విరిగి ఉంది, మూడు మూలల టైలు. ఆ పిల్ల తనవైపు చూసిందో లేదో తెలీదు, తల ఎత్తలేదు. నెల తిరక్కముందే ఆ పిల్ల తనంతట తనే మానేసింది. ఎక్కడుందో. పెళ్ళయిందేమో, ఏదైనా షాపులో పనిచేస్తోందేమో. ఒకసారి బజార్లో వెనకనుంచి అలాంటి నడకే కనపడితే తను సందులోకి తిరిగిపోయింది. కానీ అన్నిటికన్నా భయపెట్టే ఆలోచన ఇంకొకటుంది. ఒకవేళ ఆ పిల్ల ఇన్నేళ్ళలో, అందరూ అన్నారు కాబట్టి, నిజంగానే తను రెండు ఎక్కించిందేమోనని నమ్మడం మొదలుపెట్టిందేమో.

ఎదురుగా మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర అటెండరు గ్లాసు కడుగుతూ, "మీరు నెక్స్టా అమ్మా? నీళ్ళు తాగుతారా?" అన్నాడు. తల ఊపింది. తాగింది. గ్లాసు అంచు పళ్ళకి తగిలి టకటకమంది, అతను చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. మంచివాడు. లోకమంతా ఇలాంటి మంచివాళ్ళే, చూడనట్టు మొహం తిప్పుకునేవాళ్ళు.

టాపిక్ చెప్పగానే గైడు సారు లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా దీన్ని?" అన్నాడు. ఆయనకేం తెలుసు. ఖాళీలు లెక్కపెట్టినవాళ్ళే అందరూ, నిండినవాటిలో ఏవి తర్వాత నిండాయో ఎవరు చూశారు, ఇది గ్యాపంటే గ్యాపు అని కాఫీ కూడా తెప్పించాడు. సగం తాగి కప్పు కింద పెట్టి, "అవునూ, ఇలా జరుగుతుందని నీకెలా తెలుసు?" అన్నాడు. విన్నాను సార్ అంది. "వినికిడి నిలవదమ్మా. కమిటీ మొదటి ప్రశ్న అదే. పదిమందిని కదిపి చూడు, ఒక్కరైనా చెబితే రాసుకో." కదిపింది. మూడు వార్డులు తిరిగింది. తను చెయ్యి పట్టుకుని పని నేర్పిన పిల్లలు కూడా, "మా వార్డులో అలాంటివి లేవక్కా, ఎవరు చెప్పారు?" అన్నారు. ఒకమ్మాయి అయితే అలా అంటూనే షీటు మీద చెయ్యి అడ్డం పెట్టింది. తనకి కోపం రాలేదు. అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో వాళ్ళకి నేర్పింది తనే. అలా మిగిలిన సాక్ష్యం ఒక్కటే, తనది.

పిచ్చుకకి పోయిన ఆదివారం ఫోను చేసి చెప్పింది. అది మొత్తం వింది. తర్వాత, "అంటే నువ్వు పుస్తకం రాసుకోడానికి నన్ను బజారుకీడుస్తావా అక్కా?" అంది. అది కాదే అంటే, "ఏది కాదు? తొమ్మిదేళ్ళు ఊరుకున్నావు. ఆ పిల్ల ముందు నిలబడి ఊరుకున్నావు. ఇప్పుడు నీకు డిగ్రీ కావాలి, నోరొచ్చింది" అంది. ఆ మాట గుండెల్లో దిగింది. పిచ్చుక ఎప్పుడూ అంతే, ఎక్కడ పొడవాలో వెతుక్కోదు, నేరుగా అక్కడికే వస్తుంది. చివరికి గొంతు తగ్గించి, "వాడికి ఇప్పుడు పదహారక్కా. ఆ రోజు వాడి గడ్డం చీలకపోతే నేనే పెట్టేదాన్ని కదా సంతకం. వాడికేం చెప్పను?" అంది. తర్వాత, "నీ ఇష్టం. నీ దేవుణ్ణి అడుక్కో" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నిన్న కూడా ఎత్తలేదు.

అడుగుతూనే ఉంది. అయిదు రోజులుగా అడుగుతోంది. డిగ్రీ కోసం చెప్పే నిజం నిజమవుతుందా? ఒకరి మాట పోయిన సంగతిని పద్నాలుగు పేజీలుగా రాసి, పేజీకి నంబరు వేసి, కింద సంతకం పెట్టి, పేరు ముందు డాక్టరు అని తగిలించుకోవచ్చా? పోనీ చెప్పకుండా ఊరుకుంటే అది పశ్చాత్తాపమవుతుందా? తొమ్మిదేళ్ళు ఊరుకుంటే ఏమైంది, ఇంకో ముప్పై ఏళ్ళు ఊరుకుంటే ఏమవుతుంది? నువ్వు మనిషిని వంద దారుల్లో పిలవగలవు కదా, మరి ఈ దారినే ఎందుకు తెచ్చావు, ఆశ పెట్టి ఎందుకు తెచ్చావు? ఇదేమీ లేకుండా మామూలుగా ఒక రోజున నాకే ధైర్యమిచ్చి ఉండొచ్చుగా? దేవుడికి గొంతు లేదని కాదు, తనకి వినబుద్ధి కావడం లేదేమో. నాడి నూట ఇరవై. ఉద్యోగం పోతుందా? లైసెన్సు పోతుందా? ఎంక్వైరీ మళ్ళీ తెరుస్తారా? దర్జీ కూతురు కోర్టుకి వెళుతుందా? ఆయన సాయంత్రం ఇంటికొచ్చి దొరికిందా అంటే ఏం చెప్పాలి? లేచి వెళ్ళిపోవచ్చు. కడుపులో బాగాలేదని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు. మెట్లు అటే ఉన్నాయి. అరవై అడుగులు. లేచింది కూడా. ఫైలు సంకలో పెట్టుకుంది. అప్పుడే తలుపు తెరుచుకుని చేతులు కడుక్కునే ఆయన మొహం వెలిగిపోతూ బయటికొచ్చి, ఆమె తనకోసమే లేచి నిలబడిందనుకున్నాడేమో, "ఏం కాదు మేడం, మంచివాళ్ళే, వెళ్ళండి" అన్నాడు.

లోపల బల్లకి అటువైపు నలుగురు. గైడు సారు, బయటి కాలేజీలనుంచి వచ్చినవాళ్ళిద్దరు, మధ్యలో పెద్ద మేడం. ఇప్పుడు ఆవిడ సూపరింటెండెంటు, జుట్టు నెరిసింది, చూపు నెరవలేదు. పక్కన చిన్న బల్ల దగ్గర గుమస్తా, కమిటీలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం తెరుచుకుని ఉన్నాడు. ఆమె చెప్పాల్సిందంతా చెప్పింది, అరవై రెండు పేపర్లు, ఖాళీ గడులు, నిండిన గడులు. బయటి ఆయన ఒకరు, "బాగుంది, చాలా బాగుంది, ఇది మాకు తట్టనే లేదు" అన్నాడు. గైడు సారు గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. పెద్ద మేడం మాత్రం మూడో పేజీ దగ్గరే ఆగి ఉంది, ఆ వాక్యం కింద వేలు పెట్టి ఉంది.

"వినికిడి అని రాశావు. ఎవరి దగ్గర విన్నావు?"

ఫ్యాను తిరుగుతోంది. గైడు సారు బల్ల వంక చూస్తున్నాడు. చెప్పొద్దు అని లోపల ఎవరో గట్టిగా అంటుండగానే, "వినలేదు మేడం" అన్న మాట బయటికొచ్చేసింది. "నేనే వదిలాను. తొమ్మిదేళ్ళ క్రితం, మగవాళ్ళ వార్డులో, ఆరో నంబరు మంచం. ఒంటిగంటకే మందు పడింది. సున్నా చుట్టకుండా గడి వదిలాను, అప్పగించేటప్పుడు చెప్పలేదు. కొత్తమ్మాయి ఖాళీ చూసి మళ్ళీ ఇచ్చింది. తను ఒకటే ఇచ్చింది మేడం. రెండు సీసాలు ఎక్కించలేదు. మీరడిగితే నాకేం తెలీదన్నాను."

పెద్ద మేడం కళ్ళజోడు తీసింది. తీసి మూడో పేజీ మీద పెట్టింది. ఆవిడకి గుర్తుందని ఆమెకి తెలిసింది, ఆ పిల్ల మొహం కూడా గుర్తుందని తెలిసింది. బయటివాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గుమస్తా కలం ఆగిపోయింది. అప్పుడు ఆవిడ ఆమెవైపు కాకుండా గుమస్తా వైపు తిరిగి, మెల్లగా, "అది రాయకు. అక్కడ నాలుగు లైన్లు వదులు, తర్వాత చూసి నింపుదాం" అంది. ఆమెతో, "ఇంతమందిలో ఎందుకమ్మా. సాయంత్రం నా గదికి రా, కూర్చుని మాట్లాడుకుందాం. టాపిక్ సంగతి నేను చూసుకుంటాను" అంది.

ఎంత మెత్తగా అంది. అచ్చం ఆ గొంతే. సరేలే, ముందు వాడి సంగతి చూడు అన్న గొంతు. ఒక్క క్షణం ఆమెకి ఆ జాలిలోకి అలాగే ఒరిగిపోయి, అలాగే మేడం అనేసి, ఏడ్చేసి, ఇంటికి పోవాలనిపించింది. ఇది నువ్వు పంపిన దయేనా దేవుడా? కాదని ఎలా అనను?

"ఇప్పుడే రాయించండి మేడం" అంది.

"రాస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలీదు మేడం."

"ఎవరి కోసం వదిలావని అడుగుతారు."

"అది ఆవిడ చెప్పుకోవాలి. నాది నేను చెబుతున్నాను."

ఆమె గుమస్తా బల్ల దగ్గరికి నడిచి వెళ్ళి పక్కన నిలబడింది. పుస్తకంలో అతను అప్పటికే నాలుగు లైన్లు వదిలి, కింద రాయడం మొదలుపెట్టడానికి కలం ఆనించి ఉన్నాడు. బల్ల అంచు పట్టుకుంది. భయం పోతుందనుకుంది, పోలేదు, ఒక్క చుక్క కూడా తగ్గలేదు. డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టే మొదటినుంచి, నిదానంగా, మంచం నంబరు, మందు పేరు, టైము చెప్పడం మొదలుపెట్టింది. గుమస్తా మేడం వంక చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతను కలం పైకి తెచ్చి, వదిలిన మొదటి లైను మీద పెట్టి, "తారీఖు చెప్పండమ్మా" అన్నాడు.

తారీఖు గుర్తుతెచ్చుకోవలసిన అవసరం ఆమెకి లేకపోయింది.